నన్నారి షర్బతు: సుగంధం సీసాలో, వేరు అడవిలో

చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో ఎండలు ముదిరేసరికి ప్రతి కూడలిలోను నన్నారి షర్బతు బండ్లు వెలుస్తాయి. గ్లాసు అడుగున కొద్దిగా గోధుమవర్ణపు పాకం, దానిపై నిమ్మరసం, నానిన సబ్జా గింజలు, సోడా లేదా చల్లని నీరు. ఈ పాకాన్ని ఇళ్ళలో తయారుచేసుకొనే అలవాటు రాయలసీమలో పాతదే. నేడు పలువురు మహిళలు దీనిని వేసవి ఆదాయ వనరుగా కూడా ఎంచుకుంటున్నారు. అయితే ఈ తయారీని రెండు సమస్యలు వెన్నాడుతున్నాయి. సీసాలోని పాకం కొన్ని వారాలకే పులుస్తుంది. పాకానికి మూలమైన వేరు అడవిలో నానాటికి తరుగుతున్నది. పైకి వేర్వేరుగా కనిపించినా, ఈ రెండింటికీ పరిష్కారం సారాన్ని తీసి నిలవచేసే పద్ధతిలోనే ఉన్నది.

మద్యసారం చేసే రెండు పనులు

పండ్లను, సుగంధ ద్రవ్యాలను మద్యసారంలో నానబెట్టి, చక్కెర కలిపి లిక్యూరు తయారుచేసే ఆచారం ఐరోపా గృహాలలో ఉన్నది. ఇటలీలో నిమ్మ తొక్కలతో చేసే లిమొంచెల్లో ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. ఐరోపా సమాఖ్య నిబంధనల ప్రకారం సాధారణంగా లిక్యూరులో కనీసం 15 శాతం మద్యసారం, లీటరుకు 100 గ్రాముల చక్కెర ఉండాలి. ఇందులో మద్యసారం ఏకకాలంలో రెండు పనులు చేస్తుంది. నీటిలో సులభంగా కరగని సుగంధ తైలాలను లాగుతుంది. సూక్ష్మజీవులను అదుపు చేస్తుంది.

మన ప్రాంతంలో ఆ మార్గం గృహ తయారీదారులకు లేదు. ఆంధ్రప్రదేశ్ ఎక్సైజు చట్టం, 1968 ప్రకారం అనుమతి పత్రం లేకుండా మద్యం తయారుచేయడం నేరం. ఆయుర్వేదంలోని శారిబాద్యాసవం ఇదే సుగంధపు వేరును పులియబెట్టి చేసే ఔషధమే అయినా, దాని తయారీ అనుమతి పొందిన ఔషధశాలలకు చెందిన విషయం. కనుక షర్బతు తయారీలో మద్యసారం చేసే రెండు పనులను విడివిడిగా సాధించాలి. సుగంధాన్ని తీయడానికి నీరు, వేడి, కాలం. నిలవకు చక్కెర, ఆమ్లం, శుభ్రత.

ఏ వేరు?

నన్నారి పేరుతో రెండు మొక్కల వేర్లు వాడుకలో ఉన్నాయి. సన్నని తీగ అయిన సుగంధిపాల (హెమిడెస్మస్ ఇండికస్) ఒకటి. మారేడు గడ్డలు, నన్నారి కొమ్ములు అని పిలిచే లావుపాటి వేర్ల తీగ (డెకాలెపిస్ హామిల్టోని) మరొకటి. రెండింటి పరిమళానికీ ప్రధాన కారణం 2-హైడ్రాక్సీ-4-మీథాక్సీబెంజాల్డిహైడ్ అనే పదార్థం. ఇది వనిల్లాలోని వానిలిన్‌కు సమసాదృశ్యకం.

మారేడు తీగ దక్షిణ భారతానికే పరిమితమైన మొక్క. శేషాచలం కొండలలోను పెరుగుతుంది. వాడుకలో ఉన్న భాగం వేరే కావడంతో గడ్డలను సమూలంగా తవ్వితే ఆ తీగ అక్కడితో ముగుస్తుంది. ఈ కారణంగానే ఇది అంతరించే ముప్పు ఉన్న మొక్కల జాబితాలో చేరింది. ఒక కిలో వేరు నుండి ఎంత సారం తీయగలమన్న ప్రశ్న వంటింటి పొదుపుతో ఆగక అడవి వరకు వెళ్తుంది.

సారం తీసే విధానం

వేరులోని పరిమళం కండగల పైబెరడులో ఉంటుంది. నడుమనున్న కట్టెభాగంలో అది స్వల్పం. కనుక వేర్లను కడిగి, దంచి, కట్టెను తీసివేసి, బెరడును మాత్రమే నలగగొట్టి వాడాలి.

తరచుగా జరిగే పొరపాటు, వేరును మూతలేని పాత్రలో గంటల తరబడి మరిగించడం. పరిమళ పదార్థం నీటి ఆవిరితో పాటు ఎగిరిపోయే స్వభావం గలది. వంటిల్లంతా ఘుమఘుమలాడినదంటే సీసాలోకి చేరవలసినది గాలిలో కలిసినదని అర్థం. అప్పుడు రుచి చాలక మరింత వేరు వేయవలసి వస్తుంది. శార్ఙ్గధర సంహిత మరిగించి తీసే క్వాథాన్ని, వేడినీటిలో నానబెట్టి తీసే ఫాంటాన్ని వేర్వేరుగా చెప్పింది. నన్నారికి తగినది ఫాంట పద్ధతి.

100 గ్రాముల బెరడుకు అర లీటరు వేడినీరు పోసి, గట్టిగా మూతపెట్టి 6 నుండి 8 గంటలు ఉంచి వడకట్టాలి. ఇది చిక్కని మొదటి సారం. అదే బెరడుకు మరల అర లీటరు వేడినీరు పోసి, రెండు మూడు గంటల తరువాత రెండవ సారం తీయాలి. బెరడు పీల్చుకొన్న మేరకు నీరు కలిపి మొత్తం ఒక లీటరుకు సరిచేయాలి. రెండవ సారంలో 1.86 కిలోల చక్కెర, 5 గ్రాముల సిట్రిక్ ఆమ్లం వేసి మరిగించి, తెట్టు తీయాలి. ఆమ్లం చక్కెరలో కొంత భాగాన్ని విడగొట్టి, పాకం గడ్డకట్టకుండా కాపాడుతుంది. పాకం సిద్ధమైన తరువాతనే మొదటి సారం కలిపి, మూతపెట్టి 85 డిగ్రీల సెల్సియస్ వరకు వేడిచేసి వెంటనే దింపాలి. ఈ క్రమంలో మరుగు వేడిని బలహీనమైన సారం భరిస్తుంది; సుగంధం గల సారం భద్రంగా నిలుస్తుంది.

చక్కెర రుచికి మాత్రమే కాదు

లీటరు నీటికి 1.86 కిలోల చక్కెర వినడానికి ఎక్కువగా తోచవచ్చు. ఖర్చు తగ్గించాలని, తీపి ఎక్కువైనదని కొందరు కిలోతో సరిపెడతారు. సమస్య ఇక్కడే మొదలవుతుంది. మొదటి లెక్కలో చక్కెర 65 శాతం, అనగా 65 బ్రిక్స్. రెండవ లెక్కలో 50 శాతం మాత్రమే. 65 శాతం వద్ద సూక్ష్మజీవులకు అందుబాటులో ఉండే నీటిని సూచించే నీటి క్రియాశీలత దాదాపు 0.86కు దిగుతుంది. 50 శాతం వద్ద అది 0.93కు పైనే ఉంటుంది. పానీయాలను పాడుచేసే ఈస్టులలో అధికభాగం 0.88కి దిగువన పెరగలేవు. 50 శాతం పాకంలో అవి హాయిగా వృద్ధిచెంది, చక్కెరను మద్యసారంగాను, బొగ్గుపులుసు వాయువుగాను మారుస్తాయి. మద్యం వద్దనుకొన్న సీసాలోనే మద్యం పుడుతుంది. వాయువు ఒత్తిడికి మూత ఎగరవచ్చు, గాజు సీసా పగలవచ్చు.

రిఫ్రాక్టోమీటరు లేనివారికి తూకమే కొలబద్ద. పై కొలతలతో చేసిన పాకం పాత్ర బరువు పోను 2.86 కిలోలు తూగాలి. తగ్గితే అంతమేరకు కాచిన నీరు కలపాలి. పెరిగితే కొద్దిసేపు కాచాలి. ఇది రెండు లీటర్లకు కాస్త పైగా వస్తుంది. మరిగే నీటిలో శుద్ధిచేసిన సీసాలలో వేడిగా నింపి, మూత బిగించి, కొద్ది నిమిషాలు తలక్రిందులుగా ఉంచాలి. లేనిచో మూత లోపల చేరిన ఆవిరి నీటిబొట్లుగా పాకంపై పడి, పైపొరను పలుచన చేస్తుంది. బూజు తొలుత కనిపించేది అక్కడే.

పండ్లకు, సుగంధ ద్రవ్యాలకు అన్వయం

ఇదే సూత్రం అల్లం, యాలకులు, మిరియాలకు వర్తిస్తుంది. వీటిని కచ్చాపచ్చాగా దంచి, మూతపెట్టి నానబెట్టి, సారాన్ని చివరలో కలపాలి. శ్రీరామనవమి పానకం ఆనాడే త్రాగేది కనుక దానికి నిలవ చింత లేదు. సీసాలో నింపేదానికి ఉన్నది.

చిత్తూరు తోతాపురి మామిడి గుజ్జుతో స్క్వాష్ చేసేటపుడు కనీసం 25 శాతం గుజ్జు, 40 బ్రిక్స్ ఉండాలి. ఆ చక్కెర ఒక్కటే నిలవకు చాలదు. కావున లీటరుకు 0.6 గ్రాముల పొటాషియం మెటాబైసల్ఫైట్ కలుపుతారు. నేరేడు వంటి ఊదారంగు పండ్లకు ఇది పనికిరాదు. గంధక వాయువు రంగును వెలవెలబారుస్తుంది. వాటికి లీటరుకు 0.7 గ్రాముల సోడియం బెంజోయేట్ తగినది. ఈ రెండింటినీ అంచనాతో కాక తూచి మాత్రమే వేయాలి.

విస్తరణలో చేయవలసినది

శిక్షణ కార్యక్రమాలలో పాకం రుచి చూపడంతో సరిపెట్టక తూకం, ఉష్ణోగ్రత, మూత అనే మూడింటిని చేతులతో చేయించాలి. మూతలేకుండా మరిగించిన సారాన్ని, నానబెట్టి తీసిన సారాన్ని పక్కపక్కన వాసన చూపితే ఉపన్యాసం అవసరం తగ్గుతుంది. అమ్మకానికి చేసేవారు ఆహార భద్రత సంస్థలో నమోదు పొందాలి. వాడిన వేరు సుగంధిపాలో, మారేడో సీసాపై పేర్కొంటే కొనుగోలుదారుకు స్పష్టత, మూలిక వినియోగంపై శాస్త్రవేత్తలకు సమాచారం లభిస్తాయి.

వేరు సేకరించేవారితోను మాట్లాడాలి. తీగ మొదలును, కొన్ని పక్కవేర్లను వదిలి మట్టి కప్పితే అది మరల చిగురించే అవకాశం ఉంటుంది. పెరటిలో, పొలం కంచెల వెంట ఈ తీగలను పెంచడాన్ని ప్రోత్సహిస్తే అడవిపై భారం తగ్గుతుంది. నూరు గ్రాముల బెరడుతో రెండు లీటర్ల పాకం తీసి, దానిని పులియకుండా వేసవి దాటించగలిగిన గృహిణి, పారబోసిన ప్రతి సీసాకు బదులుగా మరో వేరు తవ్వే అవసరాన్ని తప్పించినట్లే.