‘అమ్మ’లో ఒత్తు దగ్గర ఆగిపోయే పిల్లలు

రెండో తరగతి పిల్లను గుణింతం చెప్పమంటే క, కా, కి, కీ అని ఊపిరి తీసుకోకుండా అప్పజెబుతుంది. అందులోంచి ‘కౌ’ ఒక్కటే బోర్డు మీద రాసి ఇదేమిటని అడిగితే, మళ్లీ ‘క’ దగ్గర మొదలుపెట్టి లెక్కపెట్టుకుంటూ వస్తుంది. ఆ పిల్లకు పాట వచ్చింది, చదవడం ఇంకా రాలేదు. ఈ తేడా కనిపెట్టకుండానే మనం పిల్లల్ని పై తరగతులకు పంపేస్తున్నాం.

పిల్లల చదువు స్థాయిని పరీక్షించే అసర్ సర్వేలో, 2022లో గ్రామీణ భారతంలోని ఐదో తరగతి పిల్లలకు రెండో తరగతి స్థాయి పాఠం ఇచ్చి చదివిస్తే, చదవగలిగినవాళ్లు 42.8 శాతమే. తక్కినవాళ్లకు అక్షరాలే రావనుకుంటే పొరపాటు. చాలామంది అక్షరానికీ పాఠానికీ మధ్య ఎక్కడో చిక్కుకున్నవాళ్లు.

తెలుగులో ఆ మధ్య దారి చాలా పొడవు. 35 హల్లులకు 12 గుణింతాల చొప్పున వేసుకున్నా 420 రూపాలు. ఒత్తులు దీనికి అదనం. మన లిపికి తోబుట్టువైన కన్నడ లిపి నేర్చుకుంటున్న పిల్లల మీద పరిశోధకురాలు సొనాలీ నాగ్ 2007లో ఒక అధ్యయనం ప్రచురించారు. అక్షరాలు పట్టుబడటం మూడు, నాలుగు తరగతుల దాకా సాగుతూనే ఉంటుందని అందులో తేలింది. కాబట్టి మూడో తరగతిలో తడబడే పిల్లను మొద్దు అనడం అన్యాయం.

ఆ తడబాటును దగ్గరగా చూడాలి. ‘ప్రేమ’ అనేటప్పుడు నోట్లో ముందు ప, తర్వాత ర, ఆఖరున ఏ వస్తాయి. కంటికి మాత్రం ఏత్వం ‘ప’ నెత్తిన ఉంటుంది, ‘ర’ ఒత్తు కింద ఉంటుంది. పైనున్నది ముందు చదివేసిన పిల్లవాడు ‘పేర్మ’ అంటాడు. వాడు అజాగ్రత్తగా ఏమీ లేడు, కంటికి కనబడిన వరుసలో చదివాడు. అక్కడ ‘తప్పు’ అని ఊరుకోకుండా, ‘ప’కు ముందు ఒత్తు కలిపి, ఆ తర్వాతే ఏత్వం పలకాలని వేలు పెట్టి చూపించాలి.

ఒత్తుల్లో ఇంకో చిక్కుంది. గ, డ, ద వంటివాటి ఒత్తు తలకట్టు తీసేసిన అదే అక్షరం. క, త, న, మ, య, ర, ల ఒత్తులకు మాత్రం అక్షరంతో పోలిక తక్కువ. పిల్లలకు అన్నిటికన్నా దగ్గరి మాటల్లో ఉండేవి ఇవే: అమ్మ, అక్క, అన్న, అత్త, అయ్య, తల్లి. గుణింతాలన్నీ పూర్తయ్యేదాకా ఒత్తులు ముట్టుకోకూడదన్న పాత పద్ధతి నాకు సరైనదనిపించదు. ఈ ఏడింటిలో ‘ర’ ఒత్తు తప్ప మిగిలిన ఆరింటినీ ఈ మాటలతోనే ముందుగా పరిచయం చేయవచ్చు.

గుణింతాన్ని అడ్డంగా కూడా నేర్పాలి. కి, గి, ని, లి అని వరసగా రాసి పలికిస్తే, గుడి ఎక్కడున్నా చివర ‘ఇ’ వినిపిస్తుందని చెవికి తెలుస్తుంది. ఆ సూత్రం పట్టుబడితే 420 రూపాలనూ విడివిడిగా గుర్తుపెట్టుకోనక్కర్లేదు.

అక్షరాలు కూడబలుక్కునే పిల్ల వాక్యం చివరికొచ్చేసరికి మొదలు మరిచిపోతుంది, బుద్ధంతా అక్షరాల మీదే ఖర్చయిపోతుంది గనుక. అందుకే తెలిసిన చిన్న కథనే మళ్లీ మళ్లీ చదివించడం వృథా కాదు.

గఫ్, టన్మర్ అనే పరిశోధకులు 1986లో చదవడాన్ని ఒక గుణకారంగా చెప్పారు: అక్షరాల్ని మాటగా మార్చగలగడం ఒకటి, ఆ మాట వింటే అర్థం కావడం రెండోది. ఏది సున్నా అయినా ఫలితం సున్నాయే. ఇంట్లో కోయ, గోండి, సవర మాట్లాడే పిల్లలకు రెండోది తెలుగులో ఇంకా తయారై ఉండదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో ఎనిమిది గిరిజన భాషల్లో మాతృభాషా బోధన మొదలుపెట్టడం వెనకున్న ఆలోచన ఇదే. ఇంట్లో తెలుగే మాట్లాడే తెలంగాణ పిల్ల కూడా ‘వెళ్ళాడు’ అన్నచోట ‘పోయిండు’ అని చదవొచ్చు. అర్థం పట్టుకుంది, అది మెచ్చుకోవాలి. ఆపైన అచ్చులో ఏముందో మరోసారి చూడమనాలి.

2021లో మొదలైన కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం నిపుణ్ భారత్ మూడో తరగతి ముగిసేలోగా పిల్లలంతా అర్థం చేసుకుంటూ చదవాలంటోంది. లక్ష్యం మంచిదే. కానీ ఆ గడువు దాటి వచ్చిన పిల్లలకు నాలుగు, ఐదు తరగతుల టీచర్లే దిక్కు. సిలబస్ ఒత్తిడి ఎంతున్నా, రోజూ కొందరిని విడిగా కూర్చోబెట్టుకుని, వాళ్లు ఇదివరకు చూడని నాలుగు వాక్యాలు చదివించుకోవాలి. ఎవరు ఏ ఒత్తు దగ్గర ఆగారో రాసిపెట్టుకుంటే, మర్నాడు ఎవరికి ఏం నేర్పాలో ఆ కాగితమే చెబుతుంది.