పురిటికి పుట్టింటికొచ్చే చేప!

నెలలు నిండిన ఆడపిల్ల పురిటికి పుట్టింటికి రావడం మనకు తెలిసిందే. ఓ చేప కూడా అచ్చం అలాగే చేస్తుంది. ఏళ్ల తరబడి సముద్రంలో తిరిగి, గుడ్లు పెట్టే వేళకు తాను పుట్టిన వాగునే వెతుక్కుంటూ వస్తుంది. తేడా ఒక్కటే... అది తిరిగి వెళ్లదు. అక్కడే కన్నుమూస్తుంది. అమెరికాలోని ఇసాక్వా సాల్మన్ హేచరీకి వెళితే ఈ రాకను కళ్లారా చూడొచ్చు. కాకపోతే నాలుగు కుటుంబాలు కలిసి వెళ్లాలంటే మాత్రం కాస్త ముందుచూపు కావాలి!

సియాటిల్ నగరానికి తూర్పున పాతిక కిలోమీటర్లు దాటగానే వచ్చే చిన్న ఊరు ఇసాక్వా. పక్కనే బెల్‌వ్యూ, రెడ్‌మండ్, సమామిష్. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకు వెళ్లిన తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో ఉండే ఊళ్లివి. ఇక్కణ్నుంచి అమ్మానాన్నలు వెళితే ఎక్కడెక్కడ తిప్పాలా అని పిల్లలు జాబితా రాస్తారు. స్పేస్ నీడిల్, స్నోక్వాల్మీ జలపాతం, విమానాల మ్యూజియం... ఇవన్నీ ఎప్పుడైనా చూడొచ్చు. హేచరీ అలా కాదు. దానికో రుతువుంది. ఆ రుతువు తప్పితే పిల్లలకు కనిపించేది ఖాళీ చెరువులూ, నిశ్శబ్దంగా పారే వాగూనే!

ఎప్పుడు వెళ్లాలి?

ఆగస్టు చివరి నుంచి నవంబరు దాకా పెద్ద చేపలు వాగెక్కే కాలం. ముందు వచ్చేది చినూక్. సాల్మన్లలో అన్నింటికన్నా పెద్దది. సెప్టెంబరు, అక్టోబరుల్లో దీని సందడి. ఆ వెనకే అక్టోబరు, నవంబరుల్లో కోహో. అదృష్టం ఉంటే ఒళ్లంతా ఎర్రగా, తల మాత్రం పచ్చగా ఉండే సాకై కూడా కనిపిస్తుంది.

అక్టోబరు మొదటి శనాదివారాల్లో ఈ ఊళ్లో ‘సాల్మన్ డేస్’ పేరుతో జాతర జరుగుతుంది. 1970లో మొదలైన పండగ ఇది. ఆ రెండు రోజులూ ఇసుకేస్తే రాలనంత జనం. ఊరేగింపులు, తినుబండారాల అంగళ్లు చూడాలనుకుంటే అప్పుడే వెళ్లాలి. పెద్దవాళ్లనూ పసిపిల్లలనూ వెంటబెట్టుకుని, అన్నీ అడిగి తెలుసుకుంటూ తీరుబడిగా చూడాలంటే ఆ వారం వదిలేసి, ముందో వెనకో మరో రోజు ఎంచుకోవడం మేలు.

వసంతంలో వెళ్లినా నష్టం లేదు. అప్పుడు పెద్ద చేపలుండవు కానీ, తొట్లలో వేలాది పిల్లలు మిలమిలలాడుతూ ఉంటాయి.

దారి కూడా చూడాల్సిందే

హేచరీకి నేరుగా వెళ్లేకన్నా చేప వచ్చిన దారినే వెళితే కథ బాగా అర్థమవుతుంది. పసిఫిక్ నుంచి వచ్చిన సాల్మన్ ముందుగా సియాటిల్‌లోని బల్లార్డ్ లాకుల దగ్గరికి చేరుతుంది. ఉప్పునీటికీ మంచినీటికీ మధ్య 1917లో ప్రారంభించిన లాకులివి. పక్కనే చేపల కోసం కట్టిన 21 మెట్ల నీటి నిచ్చెన ఉంది. ఒక్కో మెట్టూ ఎక్కుతున్న చేపల్ని అద్దాల కిటికీల్లోంచి చూడొచ్చు.

అక్కణ్నుంచి లేక్ వాషింగ్టన్ దాటి, సమామిష్ నదిలోకి మళ్లి, మైక్రోసాఫ్ట్ ఉన్న రెడ్‌మండ్ ఊరి మీదుగా లేక్ సమామిష్ చేరి, చివరికి ఇసాక్వా వాగెక్కుతుంది. మంచినీళ్లలోకి వచ్చాక తిండి మానేస్తుంది. ఒంట్లో దాచుకున్న కొవ్వే ఈ చివరి ప్రయాణానికి ఇంధనం. మరి ఇన్ని మలుపుల్లో తన వాగు ఏదో ఎలా గుర్తుపడుతుంది? వాసనతో! పిల్లగా ఉన్నప్పుడు పీల్చిన నీటి వాసన దానికి జీవితాంతం గుర్తుంటుంది. అమెరికా శాస్త్రవేత్త ఆర్థర్ హాస్లర్ 1950లలో ఈ సంగతి మీద చేసిన పరిశోధనలు పేరుపొందాయి.

గోదావరి జిల్లాల నుంచి వెళ్లిన అమ్మమ్మలకు ఇక్కడో సందేహం రావడం సహజం... ‘ఇది మన పులస లాంటిదా?’ అని. చాలావరకు అంతే. పులస కూడా వరదల కాలంలో సముద్రం నుంచి గోదావరికి ఎదురీదుతుంది. గుడ్లు పెట్టాక మళ్లీ సముద్రానికి వెళ్లిపోతుంది. పసిఫిక్ సాల్మన్‌కు ఆ భాగ్యం లేదు.

ముందే మాట్లాడుకోవాలి

హేచరీ ఊరి నడిబొడ్డునే ఉంది. ఆవరణ చిన్నదే. ప్రవేశ రుసుం లేదు. ఇద్దరు ముగ్గురైతే బోర్డులు చదువుకుంటూ సొంతంగా తిరిగేయొచ్చు. ఎక్కువమంది ఉంటే మాత్రం వాలంటీర్లు దగ్గరుండి చూపించే ఏర్పాటు కోసం ముందుగా సమయం ఖాయం చేసుకోవాలి. సీజన్లో బడిపిల్లల తాకిడి ఎక్కువ కాబట్టి కొన్ని వారాల ముందే అడగడం మంచిది. ఎంతమంది వస్తున్నారు, పిల్లల వయసెంత, నడవలేని పెద్దవాళ్లున్నారా అన్నది కూడా అప్పుడే చెప్పాలి. ముప్ఫైమంది ఉంటే రెండు జట్లుగా విడిపోతే చివర నిలబడ్డవాళ్లకీ మాట వినిపిస్తుంది. ఇంగ్లిషు తెలియని పెద్దల పక్కన తెలుగులో చెప్పే బాధ్యత కాస్త పెద్ద పిల్లలకు అప్పగిస్తే మనవలకూ తాతలకూ మంచి కాలక్షేపం!

ఈ వాలంటీర్ల వెనకా ఓ కథ ఉంది. బొగ్గు గనులూ కలప కోతలతో వాగు పాడై చేపలు తగ్గిపోయాక, 1930లలో ఆర్థిక మాంద్యం నాటి ఉపాధి పథకం కింద ఈ హేచరీని కట్టారు. 1990ల ఆరంభంలో దీన్ని మూసేద్దామన్న ఆలోచన వస్తే ఊరివాళ్లే అడ్డుపడి నిలబెట్టుకున్నారు. వచ్చినవాళ్లకు అన్నీ చూపించే స్వచ్ఛంద సంఘం అలా పుట్టిందే. హేచరీని నడిపేది రాష్ట్ర మత్స్య, వన్యప్రాణి శాఖ.

పిల్లలకు ఏం చెప్పాలి?

బయల్దేరే ముందు తల్లిదండ్రులు ఆలోచించాల్సిన అసలు విషయం ఇదే. హేచరీలో చావు కనిపిస్తుంది. రంగు మారి, రెక్కలు చిరిగి, ఒళ్లంతా గాయాలతో చేపలు వస్తాయి. వాగు ఒడ్డున చచ్చినవి పడి ఉంటాయి. వాసనా ఉంటుంది. గుడ్లు తీసే రోజైతే సిబ్బంది ఆడచేపను చంపి, పొట్ట కోసి గుడ్లు తీస్తారు. ఒక్క చినూక్ పొట్టలో మూడు నుంచి అయిదు వేల గుడ్లుంటాయి. బఠాణీ గింజంత, నారింజ రంగులో! వాటి మీద మగచేప వీర్యం కలిపి, చల్లటి నీరు పారే ట్రేలలో ఉంచుతారు.

ఇదంతా చెప్పకుండా తీసుకెళితే చిన్నపిల్లలు బెదిరిపోతారు. ‘దాన్నెందుకు చంపారు?’ అని ఏడ్చినా ఏడుస్తారు. వాగులో వదిలేసినా గుడ్లు పెట్టిన కొద్దిరోజులకే ఆ చేప చనిపోతుందనీ, దాని ఒళ్లే వాగులోని పురుగులకూ పక్షులకూ ఒడ్డున చెట్లకూ ఆహారమవుతుందనీ ముందుగానే చెప్పాలి. రెండు నెలలకు అటూ ఇటూగా ఆ గుడ్లు పొదిగి, పొట్టకింద సంచితో పిల్లలు బయటికొస్తాయనీ చెప్పాలి. చినూక్ పిల్లల్ని కొద్ది నెలలకే, కోహో పిల్లల్ని ఏడాదిన్నర పెంచి వదులుతారు. వదిలేముందు వీపు చివర ఉండే చిన్న రెక్క కత్తిరిస్తారు. ఇది హేచరీ చేప అని పోల్చుకోవడానికి అదే గుర్తు.

టైర్లతో ముప్పు

లక్షల పిల్లల్ని వదులుతున్నా కష్టాలు తీరలేదు. ఈ ప్రాంతపు చినూక్‌ను 1999లో ముప్పున్న జీవుల జాబితాలో చేర్చారు. సాల్మన్‌నే నమ్ముకున్న స్థానిక తెగలకు ఇది తిండి సమస్యే కాదు, హక్కుల సమస్య కూడా. 1850ల నాటి ఒప్పందాల ప్రకారం పట్టదగిన చేపల్లో సగం వాటా వాళ్లదేనని 1974లో జడ్జి జార్జ్ బోల్ట్ తీర్పు చెప్పారు. చేపలే లేకపోతే వాటా దేనికి?

కోహోది మరో విషాదం. నగరాల వాగుల్లోకి వచ్చిన కోహోలు వానపడగానే గుడ్లు పెట్టకుండానే గిలగిలా కొట్టుకుని చనిపోయేవి. కారణం ఏళ్లపాటు అంతుబట్టలేదు. 2020లో శాస్త్రవేత్తలు గుట్టు విప్పారు. టైర్లు పగలకుండా కలిపే 6పీపీడీ అనే రసాయనం గాలిలోని ఓజోన్‌తో కలిసి విషంగా మారుతోంది. రోడ్డు మీద అరిగిన టైరు పొడి వాననీటితో వాగులో కలుస్తోంది. ఆ నీటిని మట్టి, ఇసుక పొరల్లోంచి వడగట్టి వదిలితే చేపలు బతుకుతున్నాయని కూడా పరీక్షల్లో తేలింది.

అందుకే ఈ యాత్రకు చేసుకోవాల్సిన ఏర్పాట్లలో ఇదొకటి... ఆరు కుటుంబాలకు ఆరు కార్లొద్దు. రెండు వ్యాన్లు చాలు. పార్కింగు తిప్పలూ తప్పుతాయి.

పులిహోర మర్చిపోవద్దు!

కోహో వచ్చే రోజులూ మన కార్తీకమాసమూ ఇంచుమించు ఒకటే. హేచరీ చూశాక దగ్గర్లోని లేక్ సమామిష్ స్టేట్ పార్కులో వనభోజనాలు పెట్టుకోవచ్చు. ఇసాక్వా వాగు సరస్సులో కలిసేది అక్కడే. పార్కింగుకి పాసు తీసుకోవాలి. వాన కోట్లు, తడిసినా జారని బూట్లు, పెద్దవాళ్లకు స్వెట్టర్లు తప్పనిసరి. అద్దాల మీద తట్టొద్దనీ నీళ్లలో రాళ్లు వేయొద్దనీ పిల్లలకు బండిలోనే చెప్పేయాలి.

ఇక, వెళ్లినవాళ్లు మరో తేదీ కూడా రాసిపెట్టుకుంటే మంచిది. అక్టోబరులో చూసిన గుడ్లే వసంతానికి వేలెడంత పిల్లలవుతాయి. తల్లి చావు చూసిన పిల్లలకు ఆ ఈత కూడా చూపించాలి కదా!