మనసు కరగనివ్వండి, వేలు ఆపండి!

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మా విశాఖలో కరెంటు పోయింది, ఫోన్లు మూగబోయాయి. అప్పట్లో సాయమంటే బియ్యం, మంచినీళ్లు, కొవ్వొత్తులు చేతికందించడమే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగితే, గాజువాకలో ఇంట్లో కూర్చునే ఫోన్లోంచి విరాళం పంపేశాం. ఎంత సుఖమో!

మోసగాళ్లకీ అంతే సుఖం. "అనాథ పిల్లలకి అన్నదానం" అంటూ ఫొటో, కింద క్యూఆర్ కోడ్. మనసు కరుగుతుంది కదండీ! స్కాన్ చేశాక తెర మీద వచ్చే పేరు చూడండి. సంస్థ పేరు కాక ఎవరో మనిషి పేరుంటే పంపకండి.

డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, పోవడానికే కావాలి. మా వీధిలో చీరలమ్మే ఆవిడకి ఇది కంఠతా వచ్చు. డిగ్రీ చదివిన మావారికే మూడుసార్లు చెప్పాల్సొచ్చింది!

పోలీసులమంటూ వీడియో కాల్‌లో "డిజిటల్ అరెస్టు" అని బెదిరిస్తే ఫోను పెట్టేయండి. అలాంటి అరెస్టు చట్టంలోనే లేదు.

డబ్బు పోతే చాలామంది ఆడవాళ్లు ఇంట్లో తిడతారని దాచేస్తారు. ఆ దాచిన గంటల్లోనే డబ్బు ఖాతాలు మారిపోతుంది. వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఆ నంబరు క్యాలెండరు మీద, పాల లెక్క పక్కనే రాసుకోండి.