గోడమీద వ్రాసిన పాస్‌వర్డు

కథో, కవితో వ్రాసిమ్మని సంపాదకమిత్రులు అడిగారు. నాకా రెండూ చేతకావు. చేతనైనదల్లా కంప్యూటర్ ల్యాబులో ఓ మూల కూర్చుని యంత్రాలతో కుస్తీపట్టడమే. ఆ కుస్తీలోదే ఒక పట్టు చెబుతాను. కంప్యూటరు చదవనివాళ్ళు పేజీ తిప్పెయ్యక్కర్లేదు. ఇందులోని గొడవ మనందరిదీను.

మా ల్యాబులో ఒక లినక్స్ సర్వరు వుంది. ప్రాజెక్టు రిపోర్టులన్నీ అందులోనే దాచుకునేవాళ్ళం. ఫైళ్ళు పంపడానికి ఎఫ్‌టీపీ అనే పద్ధతి. అందరికీ కలిపి ఒకటే పేరు, ఒకటే పాస్‌వర్డు. అదైనా రహస్యమా అంటే, బోర్డు పక్కన గోడమీద స్కెచ్‌పెన్నుతో వ్రాసి వుండేది!

వైవా ముందురోజు ఒక జూనియరు పరుగెత్తుకొచ్చాడు. "అన్నా, నా ఫోల్డరు ఖాళీగా వుందన్నా!" నాలుగునెలల పని మాయం. ఎవరు తుడిచారు? సర్వరు చిట్టా తీస్తే అన్నిచోట్లా ఒకటే పేరాయె. ఆ ముందువారం అతనితో మాటామాటా అనుకున్న కుర్రవాడి మీదికి అనుమానం పోయింది. "నాకేం తెలీదన్నా" అని వాడు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. చేశాడని రుజువు లేదు. చెయ్యలేదని రుజువు చేసుకునే దారీ లేదు. తాళంలేని గదిలో వస్తువే కాదు, మనిషి పరువు కూడా పోతుందని ఆ రోజు తెలిసింది.

ఎఫ్‌టీపీని తిట్టడం నా ఉద్దేశం కాదు. 1971లో దాని తొలి రూపాన్ని వ్రాసినది మన దేశస్థుడే, కాన్పూరు ఐఐటీలో చదివి అమెరికాలోని ఎంఐటీకి వెళ్ళిన అభయ్ భూషణ్. అప్పటి నెట్‌వర్క్‌లో వున్న యంత్రాలు బహుకొద్ది. ఊరు చిన్నదైతే తలుపులు తెరిచి పడుకోవచ్చు గదా! చిక్కేమిటంటే, ఎఫ్‌టీపీ పాస్‌వర్డును పోస్టుకార్డు మీద వ్రాసినట్టు పంపుతుంది. దారిలో ఎవరైనా చదువుకోవచ్చు. ఫిన్లాండులో హెల్సింకీ సాంకేతిక విశ్వవిద్యాలయంలో సరిగ్గా ఇలాగే పాస్‌వర్డులు దొంగిలించారు. అది చూసి 1995లో టాటు యూలోనెన్ ఎస్ఎస్‌హెచ్ తయారుచేశాడు. 1999లో ఓపెన్‌బీఎస్‌డీ వారు దాని ఉచిత రూపమైన ఓపెన్‌ఎస్ఎస్‌హెచ్‌ను విడుదల చేశారు. దాని గొట్టంలోంచే ఫైళ్ళు పంపే ఏర్పాటు ఎస్ఎఫ్‌టీపీ. పేరులో పోలికేగాని ఎఫ్‌టీపీకి ఇది చుట్టం కాదు. పేరు, పాస్‌వర్డు, ఫైలు అన్నీ లక్కముద్ర వేసిన కవరులో పోయినట్టే. ఎఫ్‌టీపీకి 21వ పోర్టూ, దత్తాంశానికి మరో పోర్టూ కావాలి. దీనికి 22 ఒక్కటే చాలు.

మేం చేసిన పని వరసగా చెబుతాను. మొదట ఎఫ్‌టీపీ ఆపేశాం. గోడమీది రాత చెరిపేశాం. రెండోది, ఒక్కో విద్యార్థికి ఒక్కో పేరు ఇచ్చి, అందరినీ ఒక గ్రూపులో చేర్చాం. మూడోది, ఎస్ఎస్‌హెచ్ సర్వరు కాన్ఫిగరేషన్ ఫైలు చివర్న ఆ గ్రూపు కోసం ఒక 'మ్యాచ్' భాగం వ్రాశాం. చివర్నే ఎందుకంటే, 'మ్యాచ్' కింద వ్రాసినదంతా ఆ గ్రూపుకే వర్తిస్తుంది. అందులో మూడు ఆజ్ఞలు: ఈ గ్రూపువాళ్ళు లోపలి ఎస్ఎఫ్‌టీపీ తప్ప మరే ప్రోగ్రామూ నడపరాదు, ఎవరి డైరెక్టరీలో వాళ్ళే వుండాలి, గడప దాటరాదు, మన సర్వరు మీదుగా వేరే యంత్రాలకు దారులు వెయ్యరాదు. రెండో ఆజ్ఞనే 'సీహెచ్ రూట్' అంటారు.

ఇక్కడే బోర్లాపడ్డాం. పాస్‌వర్డు సరిగ్గానే తీసుకుంటుంది, మరుక్షణం తెగిపోతుంది! రెండు రాత్రులు జుట్టు పీక్కున్నాం. తీరా చిట్టా చదివితే, డైరెక్టరీ యాజమాన్యం సరిగాలేదని స్పష్టంగా వ్రాసివుంది. విద్యార్థి డైరెక్టరీ గదా అని విద్యార్థి పేరనే పెట్టాం. అది తప్పు. హాస్టలు గది సంగతి తీసుకోండి. గోడలు వార్డెనువి, లోపలి ట్రంకుపెట్టె మనది. గోడలు కదిపే హక్కు మనకిస్తే అది గది కాదు. అలాగే ఆ డైరెక్టరీ, దాని పైనున్నవన్నీ 'రూట్' పేరనే వుండాలి. ఇతరులెవరికీ అందులో వ్రాసే అనుమతి వుండరాదు. 755 పెడితే సరిపోతుంది. దానిలోపల ఒక ఫోల్డరు చేసి, విద్యార్థి పేర 700 పెట్టాం. దారి తెరుచుకుంది.

నాలుగోది, పాస్‌వర్డుకు బదులు తాళంచెవుల జత. ఒకటి సర్వరులో వుంటుంది, దాన్ని ఎవరు చూసినా ఫరవాలేదు. రెండోది విద్యార్థి దగ్గరే, ప్రాణస్నేహితుడికైనా ఇవ్వరాదు. అందరి జతలూ పనిచేశాకే పాస్‌వర్డు ప్రవేశం మూసేశాం. మొదటిసారి కలిసినప్పుడు సర్వరు తన వేలిముద్ర చూపిస్తుంది. నోటీసుబోర్డులో అంటించినదానితో పోల్చుకోకుండా 'యస్' కొట్టకండి.

ఇంకో హెచ్చరిక. ఫైలు మార్చాక సర్వీసు తిరిగి మొదలుపెట్టేముందు పరీక్ష ఆజ్ఞతో తప్పులు చూసుకోవాలి. దూరంనుంచి పనిచేస్తుంటే, పాత కనెక్షను తెరిచేవుంచి, కొత్తది వస్తోందో లేదో చూడాలి. లేకపోతే తాళంచెవి లోపలపెట్టి తలుపేసుకున్నట్టే!

తాళం వున్నంతమాత్రాన ఫైలుకు చావు లేదనుకోకండి. ఎవరి ఫైలు వాళ్ళే పొరపాట్న తుడిచేసుకోవచ్చు. అందుకే రోజూ రాత్రి ఇంకో డిస్కుకు నకలు తీస్తున్నాం.

ఆ జూనియరు మెయిల్లో మిగిలిన పాత నకలు పట్టుకుని, రాత్రంతా మేలుకుని, వైవా గట్టెక్కాడు. అనుమానపడ్డ కుర్రవాడు మాత్రం చాన్నాళ్ళు ల్యాబుకు రాలేదు. మొన్న అతనికి కొత్త పేరు, కొత్త తాళంచెవి ఇచ్చాను. "ఇప్పుడు చిట్టాలో నా పేరు వుంటుందా అన్నా?" అన్నాడు. "నువ్వు వచ్చినప్పుడే వుంటుంది, రానప్పుడు వుండదు" అన్నాను. చాలారోజులకు నవ్వాడు.