పొగగొట్టం సరిగా లాగుతోందా?

అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో చాలా పాత ఇళ్లను చలికాలంలో వెచ్చగా ఉంచేది నేలమాళిగలోని బాయిలర్. ఆయిల్‌నో గ్యాస్‌నో మండించి, నీళ్లు కాచి, గదుల్లోని రేడియేటర్లకు పంపుతుంది. ఆ మంట నుంచి వచ్చే పొగను ఇంటి బయటికి చేర్చే పని మాత్రం పొగగొట్టానిదే. వేడి వాయువు బయటి చలిగాలి కంటే తేలిక. అది పైకి లేస్తూ బాయిలర్‌లోని పొగను వెంట లాక్కుపోతుంది. మెకానిక్కులు డ్రాఫ్ట్ అనేది ఈ లాగుడునే. గొట్టం ఎత్తు, లోపలికీ బయటికీ ఉన్న వేడి తేడా పెరిగేకొద్దీ అదీ పెరుగుతుంది.

దీన్ని నీటిమట్టపు అంగుళాల్లో కొలుస్తారు. ఇళ్లలోని ఆయిల్ బాయిలర్‌కు పొగ బయటపడే చోట మామూలుగా 0.04 నుంచి 0.06 అంగుళం ఉంటే చాలు. అంటే కొలిచే గొట్టంలో నీటిని ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటర్ల మేర కదిలించే పాటి బలం. ఇంత స్వల్పమైనది కనుకే తేలిగ్గా చెదురుతుంది.

జనవరి రాత్రి గడ్డకట్టే చలిలో ఈదురుగాలి తోడైతే లాగుడు మితిమీరి, డబ్బు పోసి కొన్న వేడి పొగగొట్టం పాలవుతుంది. దానికి పగ్గం వేసేది బేరోమెట్రిక్ డ్యాంపర్: పొగ పైపుకు పక్కగా అమర్చిన గుండ్రటి రేకు తలుపు, దానికో చిన్న బరువు. లాగుడు పెరిగితే తలుపు లోపలికి తెరుచుకుని గది గాలి పైపులోకి పోతుంది, మంట మీద లాగుడు తగ్గుతుంది. మెకానిక్ గేజి చూస్తూ ఆ బరువును సరిచేస్తాడు. తలుపు ఊగుతోంది కదా అని టేపు అతికించకూడదు, ఊగడమే దాని పని. చుట్టూ మసి చారలు కనిపిస్తే మాత్రం పొగ గదిలోకి ఎదురు తన్నుతున్నట్టే.

గ్యాస్ బాయిలర్లలో సాధారణంగా డ్యాంపర్‌కు బదులు అడుగున తెరిచి ఉండే డ్రాఫ్ట్ హుడ్ ఉంటుంది. ఇంటి తలుపులు మూసి, ఎగ్జాస్ట్ ఫ్యాన్లన్నీ వేసి, బాయిలర్ వెలిగిన 5 నిమిషాలకు హుడ్ అంచున అగరుబత్తి పట్టి చూడవచ్చు (గ్యాస్ వాసన వస్తుంటే అగ్గిపుల్ల జోలికే పోకూడదు). పొగ లోపలికి పోతే సరే. బయటికి తిరిగితే బాయిలర్ ఆపేసి మెకానిక్‌ను పిలవాలి.

ఫ్యాన్లు వేసి చూడమనడానికి కారణం ఉంది. వంటింటి హుడ్, బట్టలారబెట్టే డ్రయ్యర్ ఇంట్లోని గాలిని బయటికి తోడేస్తాయి. కిటికీలు బిగుతుగా మూసిన ఇంట్లో ఆ లోటు పూడ్చే గాలి పొగగొట్టంలోంచే దిగవచ్చు. పోపు ఘాటుకు భయపడి పెద్ద హుడ్ బిగించుకునే తెలుగువాళ్లు ఇది గమనించాలి. ఇలాంటి బాయిలర్ ఉన్న ఇంట్లో నిమిషానికి 400 ఘనపుటడుగులు దాటి లాగే హుడ్‌కు బయటి గాలి వచ్చే ఏర్పాటు కూడా ఉండాలన్నది అక్కడి నివాస భవనాల నమూనా నియమావళి.

వెనక్కి వచ్చే పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటే ప్రాణాపాయం. రంగూ వాసనా లేని ఈ వాయువు రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అంటుకుంటుంది. తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం చూసి ఫ్లూ అనుకుంటారు. కానీ జ్వరం ఉండదు, బయటికి వెళితే తేరుకుంటారు. ప్రతి అంతస్తులోనూ, పడకగదుల దగ్గరా అలారం ఉండాలి.

పొగగొట్టం కప్పు దాటిన చోటి నుంచి కనీసం 3 అడుగులు, 10 అడుగుల లోపు ఉన్న దేనికన్నా 2 అడుగులు ఎత్తుండాలి. పక్షిగూళ్లు, రాలిన ఇటుక పెళ్లలు అడ్డుపడకుండా ఏటా చూపించాలి. అందరూ మరిచే సంగతి ఇంకొకటి: బాయిలర్ మార్చి కొత్తదానికి వేరే పైపు పెట్టాక, పాత గ్యాస్ వాటర్ హీటర్ ఒక్కటే ఆ పెద్ద గొట్టంలో మిగిలిపోతుంది. దాని కొద్దిపాటి వేడి చాలక పొగలోని ఆవిరి గోడలకు నీరై, ఆమ్లంగా మారి సున్నాన్ని తినేస్తుంది. అప్పుడు సరైన కొలతగల స్టీలు లైనర్ (లోపలి గొట్టం) దింపాల్సిందే. గోడలోంచి ప్లాస్టిక్ పైపుతో పొగ వదిలే కొత్త కండెన్సింగ్ బాయిలర్లకు పొగగొట్టం అక్కర్లేదు గానీ, మంచు కురిసిన ప్రతిసారీ ఆ పైపు మూతి పూడిపోకుండా పారతో తీయాలి.