రైలు దిగి మందల దగ్గరికి: మంగోలియా వెళ్లాలనుకుంటే

డిగ్రీ పూర్తయింది. క్యాంపస్‌లో సెలెక్ట్ కాలేదు, నోటిఫికేషన్ ఇంకా పడలేదు. పెళ్లికి వెళ్లినా, పేరంటానికి వెళ్లినా ‘ఇప్పుడేం చేస్తున్నావ్?’ అనే ప్రశ్నే. ఈలోగా ఏ మిత్రుడో ఓ వీడియో పంపిస్తాడు. కనుచూపు మేర పచ్చిక, మధ్యలో తెల్లటి గుండ్రటి గుడారం, దూరంగా పోతున్న రైలు. మంగోలియా! ‘ఒక్క నెల వెళ్లొస్తే?’ అనిపిస్తుంది. వెంటనే భయం కూడా పట్టుకుంటుంది: రెజ్యూమెలో గ్యాప్ కనిపిస్తే ఇంటర్వ్యూలో ఏం చెప్పాలి?

ముందే ఒక మాట. అప్పు చేసి, అమ్మ గాజులు తాకట్టు పెట్టి వెళ్లే ప్రయాణం కాదిది. ఉద్యోగం వచ్చి ఏడాది పొదుపు చేశాక వెళ్లినా ఆ గడ్డి అక్కడే ఉంటుంది. ట్యూషన్లు చెప్పో, పార్ట్‌టైమ్ చేసో కూడబెట్టిన సొంత డబ్బు ఉన్నవాళ్లు మాత్రం మిగతాది కాస్త శ్రద్ధగా చదవండి.

పాత దారి బీజింగ్ నుంచి ఉలాన్‌బాతర్‌కు. సుమారు 1,500 కిలోమీటర్లు, ఒక రోజుకు పైగా ప్రయాణం. ఇలా వెళ్లాలంటే చైనా వీసా కూడా కావాలి. కరోనా తర్వాత సరిహద్దు దాటే రైళ్ల వేళలు మారాయి కాబట్టి టికెట్ సంగతి తేలాకే విమానం బుక్ చేసుకోండి. నేరుగా ఉలాన్‌బాతర్ చేరి, అక్కడి నుంచి గోబీ ఎడారి వైపు దేశీయ రైలెక్కడం ఇంకో మార్గం. తక్కువ తలనొప్పి దీనితోనే.

ఆర్‌ఆర్‌బీకి చదివినవాళ్లకు మన బ్రాడ్‌గేజ్ 1,676 మిల్లీమీటర్లని నోటికి వచ్చే ఉంటుంది. చైనాది 1,435, మంగోలియాది 1,520. అందుకే బీజింగ్ రైలు సరిహద్దులోని ఎర్లియాన్‌లో గంటల తరబడి ఆగుతుంది. ప్రయాణికులు లోపల ఉండగానే పెట్టెల్ని జాకీలతో పైకెత్తి, కింద చక్రాల బోగీలు మార్చేస్తారు. మెకానికల్ విద్యార్థి అయితే ఆ రాత్రి నిద్రపోకండి. సరిహద్దు దాటాక గోబీలో సైన్‌షాండ్ స్టేషన్ వస్తుంది. ఆ ప్రాంతంలోనే, భారత్ ఇచ్చిన రుణంతో మంగోలియా తొలి చమురు శుద్ధి కర్మాగారం కడుతున్నారు. ఆ పనుల్లో మన హైదరాబాద్ సంస్థ మేఘా ఇంజినీరింగ్ ఉంది. ఎడారి మధ్యలో తెలుగు మాట వినిపిస్తే కంగారు పడకండి.

ఇక గుడారం. దాన్ని ‘గెర్’ అంటారు. కర్ర చట్రం మీద గొర్రె ఉన్నితో చేసిన మందపాటి నమదా కప్పుతారు. గుమ్మం దక్షిణం వైపు ఉంటుంది. దగ్గరకు వెళ్తూ ‘నోఖోయ్ ఖోర్’ అని కేకేయాలి. ‘కుక్కను పట్టుకోండి’ అని దానర్థం. గడప తొక్కకూడదు (మన ఇళ్లలోనూ అంతేగా!). మధ్యలోని రెండు స్తంభాల నడుమ నుంచి నడవకూడదు. ఇచ్చింది కుడిచేత్తో తీసుకోవాలి. ముందు ఉప్పు వేసిన పాల టీ ఇస్తారు. చక్కెర అలవాటైన నాలుకకు మొదటి గుక్క కష్టమే, తాగేయండి. భోజనమంతా మాంసం, పాల పదార్థాలే. శాకాహారులైతే ముందే చెప్పి, బియ్యం, పప్పు వెంట తీసుకెళ్లండి. ఒక ఇంగ్లిష్ తెలిసిన గైడ్ ద్వారా కుటుంబాన్ని కుదుర్చుకుని, బసకు డబ్బు ఎంతో ముందే మాట్లాడుకోండి. ఆతిథ్యం వాళ్ల సంప్రదాయమే. అలాగని ఉచితంగా తిని రావడం మర్యాద కాదు.

పొద్దున్నే పని మొదలవుతుంది. పాలు పితకడం, పొయ్యిలోకి ఎండు పేడ ఏరుకురావడం, సాయంత్రం గొర్రెల్నీ మేకల్నీ తోలుకురావడం. గుర్రం, ఒంటె, ఆవు లేదా జడల బర్రె, గొర్రె, మేక, ఈ ఐదూ వాళ్ల ఆస్తి. దేశ జనాభా 35 లక్షలే, పశువులు మాత్రం 5 కోట్లకు పైగా. గెర్ పక్కన సోలార్ పలక, మోటార్‌సైకిల్ కనిపిస్తే ‘అసలైన సంచారులు కారేమో’ అని నిరాశపడకండి. వాళ్లూ 21వ శతాబ్దంలోనే బతుకుతున్నారు.

అసలు కష్టం చలికాలంలో. మైనస్ 40 డిగ్రీలకు పడిపోయే చలి, మంచు కింద గడ్డి అందక పశువులు చనిపోతాయి. ఈ విపత్తును ‘జుడ్’ అంటారు. 2023-24 చలికాలంలో 70 లక్షలకు పైగా పశువులు పోయాయి. దీనికోసం 2006లో ప్రపంచ బ్యాంకు సాయంతో ఒక బీమా మొదలైంది. ఎవరి గొర్రె చచ్చిందో ఇంటింటికీ తిరిగి లెక్కపెట్టరు. మన మండలం లాంటి ‘సోమ్’లో పశు మరణాలు 6 శాతం దాటితే, అక్కడ బీమా చేసినవాళ్లకు పరిహారం అందుతుంది. కామర్స్, స్టాటిస్టిక్స్ చదివినవాళ్లూ, ఇది క్లాసులో చెప్పే మోడల్ కాదు. మీకు టీ పోసిన ఇంటి సంగతి. వాళ్లనే అడగండి: పరిహారం సరిపోయిందా, మీ మంద పోయినా సోమ్ లెక్క దాటకపోతే ఏమైంది అని.

ఆ ఇంట్లో మీ వయసు పిల్లలుంటే వాళ్లతో తప్పక మాట్లాడండి. మంద చూసుకోవాలా, ఉలాన్‌బాతర్ వెళ్లి ఉద్యోగం వెతుక్కోవాలా అన్నది అక్కడి యువత ముందున్న ప్రశ్న. దేశంలో దాదాపు సగం మంది ఇప్పటికే ఆ ఒక్క నగరంలో ఉన్నారు. పశువులు పోయిన కుటుంబాలెన్నో నగరం అంచున గెర్లు వేసుకుని, బొగ్గు పొగలో చలికాలం గడుపుతున్నాయి. ‘ఏం చేస్తున్నావ్?’ అనే ప్రశ్న వాళ్లనూ వదలట్లేదు. వాళ్లు దానికి ఏ లెక్కలు వేసుకుంటున్నారో వింటే మీ లెక్క కూడా కొంచెం స్పష్టమవుతుంది.

రెజ్యూమె విషయానికొస్తే, పది రోజులు అతిథిగా ఉండి ‘వాలంటీర్‌గా సేవ చేశాను’ అని రాయకండి. ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే దొరికిపోతారు. ‘నన్ను నేను తెలుసుకున్నాను’ అని కూడా వద్దు, దాని మీద అడగడానికి ఎవరికీ ఏమీ ఉండదు. ఎన్ని రోజులు, ఎవరి డబ్బుతో, ఏం చూశారు, మీ సబ్జెక్టుతో దానికేం సంబంధం, ఇవి నాలుగు వాక్యాల్లో చెప్పగలిగితే చాలు. వెటర్నరీ వాళ్లకు మంద ఉంది, టెక్స్‌టైల్ వాళ్లకు వసంతంలో మేకల నుంచి దువ్వి తీసే కశ్మీరీ ఉన్ని ఉంది, ఎలక్ట్రికల్ వాళ్లకు ఆ సోలార్ పలక ఉంది. రోజూ రాత్రి ఒక పేజీ రాసుకోండి. నెల తర్వాత అంకెలు గుర్తుండవు.

అంత దూరం ఇప్పుడు కుదరదా? మన దగ్గరే ఎండాకాలంలో గొర్రెల మందలు ఊళ్లు దాటి పోతుంటాయి. ఎరువు కోసం రైతులు రాత్రిపూట తమ పొలంలో మంద పెట్టించుకుంటారు. మీ ఊరి గొల్ల లేదా కురుమ పెద్దాయన్ని అడిగి, రెండు రాత్రులు ఆ మంద దగ్గర పడుకోండి. దోమలు, నక్కల భయం, తెల్లారుజామున లేవడం మీకు పడతాయో లేదో తేలిపోతుంది. ఖర్చు బస్సు టికెట్టే.

పడితే, వేసవిలోనే మంగోలియా వెళ్లండి. జూలై 11 నుంచి నాదమ్ పండగ, కుస్తీ, గుర్రప్పందేలు, విలువిద్య. చూడాల్సిందే. కానీ ఆ వారం రైల్లో సీటు దొరకడం కష్టం, తిరుగు టికెట్ ముందే కొని పెట్టుకోండి.