యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ లైనక్స్‌లో పనిచేయట్లేదా? రిటర్న్ పెట్టే ముందు ఈ నాలుగు చోట్ల చూడండి

విండోస్ 10 సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఇంటెల్ 8వ తరం కంటే పాత ప్రాసెసర్ ఉన్న ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి విండోస్ 11 అధికారికంగా రాదు. దాంతో కాలేజీ టైంలో కొన్న ల్యాప్‌టాప్‌లో ఉబుంటునో, లైనక్స్ మింటో వేసుకుని వాడుతున్నవాళ్లు చాలామంది ఉన్నారు. బ్రౌజింగ్, కోడింగ్, సినిమాలు అన్నీ బాగానే నడుస్తాయి. పాట రికార్డ్ చేద్దామనో, యూట్యూబ్ ఛానల్‌కి వాయిస్ ఓవర్ చెబుదామనో ఒక ఆడియో ఇంటర్‌ఫేస్ కొన్న రోజే అసలు టెన్షన్ మొదలవుతుంది. లైట్ వెలుగుతుంది, మైక్ మాత్రం పలకదు.

మార్కాపురం, గిద్దలూరు, కంభం, ఎర్రగొండపాలెం వైపు ఉండేవాళ్లకి ఈ తలనొప్పి ఇంకొంచెం ఎక్కువ. హైదరాబాద్‌లో అయితే షాపుకి పట్టుకెళ్లి చూపించొచ్చు. ఇక్కడ ఇలాంటి గేర్ ఆన్‌లైన్‌లో తెప్పించుకోవడమే సులువు, ఒంగోలు పోయి రావాలంటే ఒక రోజు పని. అంటే రిటర్న్ గడువు అయ్యేలోపు తప్పు డబ్బాలో ఉందా, ల్యాప్‌టాప్‌లో ఉందా అని మనమే తేల్చుకోవాలి. తేల్చుకోకపోతే బాగున్న ఇంటర్‌ఫేస్‌ని వెనక్కి పంపేస్తాం, లేదంటే చెడిపోయిన దాన్ని గడువు దాటాక కూడా దగ్గర పెట్టుకుంటాం. రెండిట్లోనూ నష్టం మనకే.

మంచి విషయం ఏంటంటే, ఇది తేల్చడానికి పది నిమిషాలు చాలు.

డ్రైవర్ కోసం వెతక్కండి

విండోస్ అలవాటులో మనం మొదట చేసే పని కంపెనీ వెబ్‌సైట్‌కి వెళ్లి డ్రైవర్ వెతకడం. అక్కడ లైనక్స్ డ్రైవర్ కనపడదు. "సరే, ఇది లైనక్స్‌లో పనిచేయదు" అని ఫిక్స్ అయిపోతాం. నిజానికి ఆ డ్రైవర్ మీ ల్యాప్‌టాప్‌లో ఇప్పటికే ఉంది.

యూఎస్‌బీ ఆడియో క్లాస్ అని ఒక స్టాండర్డ్ ఉంది. సౌండ్ పంపే పరికరం కంప్యూటర్‌తో ఎలా మాట్లాడాలో అది చెబుతుంది. మొదటి వెర్షన్ 1998లో, రెండోది 2006లో వచ్చాయి. ఈ రూల్స్ పాటించే పరికరాన్ని క్లాస్ కంప్లయంట్ అంటారు. కీబోర్డ్, మౌస్ గుచ్చగానే పనిచేసినట్టే ఇవీ పనిచేస్తాయి. లైనక్స్ కెర్నల్‌లో ఇలాంటి వాటన్నిటికీ కలిపి ఒకటే డ్రైవర్ ఉంటుంది. రెండో వెర్షన్‌కి లైనక్స్ సపోర్ట్ 2010లోనే వచ్చింది. విండోస్‌లో సొంతంగా రావడానికి 2017 వరకు ఆగాల్సి వచ్చింది. అంటే ఈ ఒక్క విషయంలో లైనక్సే ముందుంది!

మరి సౌండ్ ఎందుకు రాదు? మైక్ నుంచి మీ రికార్డింగ్ యాప్ వరకు సౌండ్ నాలుగు మెట్లు ఎక్కాలి. యూఎస్‌బీ కనెక్షన్ మొదటిది, కెర్నల్ రెండోది, పైప్‌వైర్ మూడోది, యాప్ నాలుగోది. ఎక్కడో ఒక మెట్టు దగ్గర ఆగిపోయి ఉంటుంది. కింది నుంచి ఒక్కొక్కటే చూసుకుంటూ పోదాం. నెట్‌లో దొరికిన కమాండ్లన్నీ వరసపెట్టి కొడితే మాత్రం ఉన్న సెట్టింగ్స్ కూడా పాడవుతాయి, ఓఎస్ మళ్లీ ఇన్‌స్టాల్ చేసేదాకా వెళ్తుంది.

చిన్న గమనిక: కింద చెప్పే కమాండ్లు అన్నీ టెర్మినల్‌లో చిన్న ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి.

మెట్టు 1: ల్యాప్‌టాప్‌కి అసలు కనిపిస్తోందా?

ఇంటర్‌ఫేస్ పీకేసి, టెర్మినల్ ఓపెన్ చేసి ఎల్, ఎస్, యూ, ఎస్, బీ అనే ఐదు అక్షరాలు ఖాళీ లేకుండా కొట్టి ఎంటర్ నొక్కండి. ఒక లిస్ట్ వస్తుంది. ఇప్పుడు ఇంటర్‌ఫేస్ గుచ్చి, అదే కమాండ్ మళ్లీ కొట్టండి. కొత్తగా ఒక లైన్ చేరితే మొదటి మెట్టు దాటినట్టే.

ఆ లైన్‌లో మీరు కొన్న బ్రాండ్ పేరే ఉండాలని లేదు. కొన్ని చవక మోడల్స్ లోపలి చిప్ పేరుతో కనిపిస్తాయి. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ అనో, పీసీఎం2902 అనో కనిపిస్తే డూప్లికేట్ వచ్చిందని కంగారు పడకండి.

కొత్త లైన్ రాలేదా? అయితే ఇక్కడ లైనక్స్ తప్పు ఉండే ఛాన్స్ చాలా తక్కువ. ముందు కేబుల్ మార్చండి. పవర్ బ్యాంకులతో వచ్చే కొన్ని టైప్-సీ కేబుల్స్‌లో డేటా తీగలు ఉండవు. వాటితో లైట్ వెలుగుతుంది, డేటా మాత్రం పోదు. తర్వాత యూఎస్‌బీ హబ్ తీసేసి నేరుగా ల్యాప్‌టాప్ పోర్ట్‌కి పెట్టండి. యూఎస్‌బీ 2.0 పోర్ట్ మామూలుగా ఇచ్చేది 5 వోల్టుల దగ్గర 500 మిల్లీఆంపియర్లు, అంటే 2.5 వాట్లు. ఆ కొంచెం పవర్‌ని మౌస్, పెన్‌డ్రైవ్‌తో పంచుకుంటే ఇంటర్‌ఫేస్‌కి సరిపోకపోవచ్చు.

అయినా రాకపోతే సిస్టమ్ లాగ్స్ యాప్ తెరిచి చూడండి. గుచ్చిన ప్రతిసారీ "ఎర్రర్ -71" అని పడుతుంటే కేబుల్, పోర్ట్, పవర్ ఈ మూడింట్లో ఒకటి సరిగా లేదని అనుమానించొచ్చు. రెండు మంచి కేబుల్స్, రెండు వేరే కంప్యూటర్లు మార్చి చూసినా కనిపించకపోతే ఇక ఆలోచించక్కర్లేదు, రిటర్న్ పెట్టేయండి.

మెట్టు 2: కెర్నల్ దాన్ని సౌండ్ కార్డ్‌గా గుర్తించిందా?

ఇంగ్లిష్‌లో రికార్డ్ అనే మాటకు ముందు "ఏ" అక్షరం చేర్చి కొట్టండి. తర్వాత ఒక స్పేస్, ఒక హైఫన్, చిన్న "ఎల్". ఎంటర్ నొక్కితే రికార్డింగ్‌కి పనికొచ్చే కార్డుల లిస్ట్ వస్తుంది. ల్యాప్‌టాప్ సొంత మైక్‌తో పాటు మీ ఇంటర్‌ఫేస్ కూడా ఒక కార్డ్ నంబర్‌తో కనిపించాలి. కనిపిస్తే హార్డ్‌వేర్, డ్రైవర్ రెండూ బాగున్నట్టే. ఇక మిగిలినవి సెట్టింగ్స్ మాత్రమే.

ఇక్కడే ఆల్సామిక్సర్ కూడా ఒకసారి చూడండి. టెర్మినల్‌లో ఆ పేరు కొట్టి, ఎఫ్6 నొక్కి మీ కార్డ్ ఎంచుకోండి. ఏదైనా బార్ కింద రెండు "ఎం" అక్షరాలు ఉంటే అది మ్యూట్‌లో ఉన్నట్టు. దాని మీదకు వెళ్లి ఎం కీ నొక్కితే తెరుచుకుంటుంది. కొన్ని మోడల్స్‌కి ఇక్కడ ఏ బార్లూ రావు. అది తప్పు కాదు, వాటి వాల్యూమ్ అంతా పైనున్న నాబ్స్‌తోనే.

ఫోకస్‌రైట్ స్కార్లెట్ వాడేవాళ్లకి రెండు మాటలు. 3వ తరం స్కార్లెట్ కొత్తగా గుచ్చినప్పుడు పెన్‌డ్రైవ్ లాగా కూడా కనిపిస్తుంది. 48వీ బటన్ నొక్కి పట్టుకుని పవర్ ఇస్తే ఆ మోడ్ పోతుంది. 4వ తరం సోలో, 2ఐ2, 4ఐ4 మోడల్స్‌ని కంప్యూటర్ నుంచి కంట్రోల్ చేయాలంటే కెర్నల్ 6.8 గానీ అంతకన్నా కొత్తది గానీ ఉండాలి. ఉబుంటు 24.04, లైనక్స్ మింట్ 22 రెండూ 6.8 తోనే వచ్చాయి. ఈ కంట్రోల్స్ కోసం డ్రైవర్ రాసిన జెఫ్రీ బెన్నెట్, దానికి బటన్లతో వాడుకునే ఒక యాప్ కూడా ఉచితంగా ఇచ్చారు.

మెట్టు 3: పైప్‌వైర్ ప్రొఫైల్

ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. బ్రౌజర్, వీడియో ప్లేయర్, రికార్డర్ అన్నీ ఒకేసారి సౌండ్ వాడుకోవాలంటే మధ్యలో ట్రాఫిక్ పోలీస్ లాంటి ప్రోగ్రామ్ ఒకటి ఉండాలి. ఇదివరకు ఆ పని పల్స్‌ఆడియో చేసేది. ఇప్పుడు పైప్‌వైర్ చేస్తోంది. ఫెడోరాలో 34వ వెర్షన్ నుంచి, ఉబుంటులో 22.10 నుంచి, మింట్‌లో 22 నుంచి డీఫాల్ట్‌గా ఇదే ఉంటుంది.

సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో "పల్స్‌ఆడియో వాల్యూమ్ కంట్రోల్" అని వెతికి ఇన్‌స్టాల్ చేసుకోండి. పేరు పాతదే గానీ పైప్‌వైర్‌తో చక్కగా పనిచేస్తుంది. అందులో చివరి ట్యాబ్ కాన్ఫిగరేషన్. మీ ఇంటర్‌ఫేస్ పేరు పక్కన ప్రొఫైల్ ఏముందో చూడండి. "ఆఫ్" ఉంటే ఏదీ రాదు. "ఔట్‌పుట్" ఒక్కటే ఉంటే హెడ్‌ఫోన్స్‌లో పాట వస్తుంది, మైక్ మాత్రం ఏ యాప్‌కీ కనిపించదు. "డూప్లెక్స్" అని ఉన్నది ఎంచుకుంటే రెండూ వస్తాయి. నాలుగు, ఎనిమిది ఇన్‌పుట్స్ ఉన్న పెద్ద మోడల్ అయితే "ప్రో ఆడియో" పెట్టండి, ఛానల్స్ అన్నీ విడివిడిగా దొరుకుతాయి.

తర్వాత ఇన్‌పుట్ డివైసెస్ ట్యాబ్‌కి వెళ్లి మైక్‌లో మాట్లాడండి. కింద మీటర్ కదిలితే మూడో మెట్టు కూడా అయిపోయింది. కదలకపోతే మైక్ సంగతి చూడాలి. కండెన్సర్ మైక్ అయితే ఇంటర్‌ఫేస్ మీద 48వీ బటన్ ఆన్ చేయకుండా పలకదు. మామూలు డైనమిక్ మైక్‌కి అది అక్కర్లేదు. గెయిన్ నాబ్ సున్నా దగ్గర ఉందేమో కూడా చూసుకోండి.

మెట్టు 4: యాప్, ఒక్క చెవి గోల

"రికార్డ్ అయింది గానీ ఎడమ చెవిలోనే వస్తోంది." లైనక్స్ మొదలుపెట్టిన ప్రతి ఒక్కరూ అడిగే ప్రశ్న ఇది. ఇంటర్‌ఫేస్ చెడిపోలేదు. మీ మైక్ ఇన్‌పుట్ 1లో ఉంది. రెండు ఇన్‌పుట్స్ ఉన్న డబ్బాని కంప్యూటర్ ఒక స్టీరియో జతగా చూస్తుంది, 1 అంటే ఎడమ, 2 అంటే కుడి. ఆడాసిటీలో రికార్డింగ్ ఛానల్స్ దగ్గర స్టీరియో తీసి మోనో పెట్టండి. ఆర్డర్ అనే స్టూడియో సాఫ్ట్‌వేర్‌లో అయితే మోనో ట్రాక్ చేసుకుని ఇన్‌పుట్ 1 ఇవ్వండి. రెండు చెవుల్లోనూ వస్తుంది.

మీటర్ కదులుతోంది, యాప్‌లో మాత్రం సైలెంట్‌గా ఉందంటే ఆ యాప్ ఇంకా ల్యాప్‌టాప్ మైక్‌నే పట్టుకుని ఉంటుంది. రికార్డింగ్ స్టార్ట్ చేసి, వాల్యూమ్ కంట్రోల్‌లో రికార్డింగ్ ట్యాబ్ చూడండి. ఆ యాప్ పేరు పక్కన మీ ఇంటర్‌ఫేస్‌ని ఎంచుకుంటే సరి.

గొంతు ఆలస్యంగా వినపడుతోందా?

పాడుతున్నప్పుడు హెడ్‌ఫోన్స్‌లో మన గొంతే కాస్త ఆగి వినిపిస్తే పాడలేం. కారణం బఫర్. సెకనుకు 48,000 శాంపిల్స్ దగ్గర 1024 శాంపిల్స్ బఫర్ అంటే 21 మిల్లీసెకన్లు. అదే 256 అయితే 5 మిల్లీసెకన్లు. పోయేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి ఈ ఆలస్యం పడుతుంది. పాత ల్యాప్‌టాప్‌లో మరీ తగ్గిస్తే మధ్యలో టప్ టప్ మని శబ్దాలు వస్తాయి, కాబట్టి 256 దగ్గర మొదలుపెట్టండి.

ఇంకా సులువైన దారి ఇంటర్‌ఫేస్ మీదే ఉంటుంది: డైరెక్ట్ మానిటర్ బటన్. అది నొక్కితే మీ గొంతు కంప్యూటర్ దాకా పోకుండానే హెడ్‌ఫోన్స్‌కి వస్తుంది. ఆలస్యమే తెలియదు.

గుయ్ మనే శబ్దం, బండల గది

రికార్డింగ్ వెనక సన్నగా గుయ్ మని వస్తుంటే చార్జర్ పీకేసి బ్యాటరీ మీద రికార్డ్ చేయండి. శబ్దం పోయిందంటే కరెంట్ వైపు సమస్య. మన కరెంట్ 50 హెర్ట్జ్, ఎర్త్ సరిగా లేని వైరింగ్‌లో అదే సౌండ్‌లోకి దూరుతుంది. ఎర్త్ ఉన్న సాకెట్ వాడండి. శబ్దం పోతుందని ప్లగ్ ఎర్త్ పిన్ మాత్రం తీసేయకండి, అది ప్రాణం కాపాడే పిన్ను.

ఇంకోటి. మన వైపు ఇళ్లలో కింద నాపరాయి, పైన స్లాబ్. రెండూ గొంతుని అద్దంలా వెనక్కి కొడతాయి. దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా తీయలేదు. గదిలో ఒక పరుపు గోడకి ఆనించి, కింద దుప్పటి పరిచి, మైక్‌కి జానెడు దూరంలో మాట్లాడి చూడండి. తేడా మీకే తెలుస్తుంది. ఫ్యాన్ కూడా ఆ కాసేపు ఆపాలి, ఎండాకాలంలో ఇదే అసలైన కష్టం!

ఇంకా కొనలేదా? అయితే ఇది చూడండి

ప్రోడక్ట్ పేజీలో లైనక్స్ అనే మాట కోసం వెతికితే చాలాసార్లు దొరకదు. దాని బదులు "క్లాస్ కంప్లయంట్" అని ఉందా, ఐప్యాడ్‌తో డ్రైవర్ లేకుండా పనిచేస్తుందని రాశారా అని చూడండి. ఐప్యాడ్‌కి కూడా అదే స్టాండర్డ్ కావాలి కాబట్టి, అక్కడ పనిచేసేది లైనక్స్‌లోనూ సౌండ్ ఇస్తుందని నమ్మొచ్చు. బెరింగర్ యూఎం2, యూఎంసీ202హెచ్‌డీ, ఫోకస్‌రైట్ స్కార్లెట్ సిరీస్ ఈ లెక్కలోకే వస్తాయి. సొంత డ్రైవర్ లేకుండా కదలని ప్రొఫెషనల్ మోడల్స్ జోలికి పోకండి.

192 కిలోహెర్ట్జ్ అని పెద్ద అక్షరాల్లో రాసి ఉన్నా దానికోసం డబ్బులు ఎక్కువ పెట్టక్కర్లేదు. వాయిస్‌కి, పాటకి 48 కిలోహెర్ట్జ్ ధారాళంగా సరిపోతుంది. యూఎస్‌బీ 3.0 పోర్ట్ లేదని కూడా బెంగ వద్దు. రెండు ఛానల్స్, 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ అంటే సెకనుకు 2.3 మెగాబిట్లు. యూఎస్‌బీ 2.0 స్పీడ్ 480 మెగాబిట్లు.

ఒక్క చూపులో

- మొదటి లిస్ట్‌లో కొత్త లైన్ రాలేదు: కేబుల్, పోర్ట్, హబ్ మార్చండి. అయినా రాకపోతే రిటర్న్.
- లైన్ వచ్చింది, సౌండ్ కార్డ్ లిస్ట్‌లో లేదు: ఓఎస్ అప్‌డేట్ చేసి రీస్టార్ట్ చేయండి. క్లాస్ కంప్లయంట్ మోడలేనా అని చూడండి.
- కార్డ్ ఉంది, మీటర్ కదలట్లేదు: డూప్లెక్స్ ప్రొఫైల్, 48వీ, గెయిన్.
- మీటర్ కదులుతోంది, యాప్‌లో లేదు: రికార్డింగ్ ట్యాబ్‌లో ఇన్‌పుట్ మార్చండి.
- ఒక్క చెవిలోనే వస్తోంది: మోనో పెట్టండి.

పైన మొదటి పరీక్షలో ఫెయిల్ అయితేనే డబ్బా మీద అనుమానం పడండి. అది దాటిందంటే ఇంటర్‌ఫేస్‌ని ప్యాక్ చేయాల్సిన పని దాదాపు ఉండదు, ఒక సెట్టింగ్ మార్చుకుని రికార్డ్ బటన్ నొక్కడమే.